కోయని పుటలు

ఎత్తోరె పుస్తకాన్ని పాత స్వెటర్లో చుట్టి తెచ్చాడు,
పసిబిడ్డను తెచ్చినట్టు కాదు, చేపను తెచ్చినట్టు.
బల్ల మీద పడేసి, "వెన్ను విరిగింది, నీవెస్.
తోలు అతికించు చాలు, లోపల చెయ్యి పెట్టకు" అన్నాడు.

బయట బోరా గాలి. త్రియెస్తెలో ఆ గాలి లేచిందంటే
గొడుగులు తిరగబడి చెత్తబుట్టల్లో తలదూర్చుకుంటాయి.
జిగురు గిన్నె కింద మంట తగ్గించి
పుస్తకాన్ని వాసన చూశాను, నాన్న నేర్పిన మొదటి పని అదే.
మేకతోలు. పొగాకు. ఎవరిదో మొహం పౌడరు.

ఓర్లావ్ సంస్థానపు యువరాణి అదెల్‌గుండె ఆత్మకథ,
లొసాన్‌లో అచ్చు, పందొమ్మిది వందల తొమ్మిది.
ముదురెరుపు తోలు మీద బంగారు కిరీటం.
వేళ్ళన్నీ దాని మీదే తిరిగినట్టున్నాయి,
బంగారం ముందు అక్కడే పోయింది.

కథ మా అమ్మమ్మకి కూడా తెలుసు.
పిల్లల సంగీతం మాస్టారితో, రాత్రి రైల్లో,
ఒక్క టోపీపెట్టెతో లేచిపోయింది.
పెట్టెలో టోపీ లేదన్నారు. నగలన్నారు, పిస్తోలన్నారు.
అమ్మమ్మ ఇంకేదో చెప్పబోయి
నన్ను చూసి చేప పొలుసు గీకడం మొదలుపెట్టేది.

ఏడో అధ్యాయం దానంతటదే తెరుచుకుంటుంది,
అలవాటుపడ్డ తలుపులా.
అంచుల్లో బొటనవేలి మరకలు, ఒకచోట వెన్న,
ఒకచోట కొవ్వొత్తి చుక్క.
ఆ చుక్క కింద అతను ఆమె గౌను హుక్కులు విప్పుతున్నాడు,
పదిహేడు. పక్కన ఎవరో పెద్దమనిషి పెన్సిలుతో
పదిహేడు అని మళ్ళీ రాసుకున్నాడు.

పదకొండో అధ్యాయం నుంచి కాగితాలు కోయలేదు.
అచ్చాఫీసు మడత మడతగానే ఉంది.
నూరేళ్ళు దాటినా ఎవరూ కత్తి పెట్టలేదు.
ఇప్పుడు పెడితే ధర పడిపోతుందని ఎత్తోరె భయం.
ఎముక కత్తి నా చేతికందేంత దూరంలోనే ఉంది.

మా కుర్రాడు తూల్లియో మడతను కింది నుంచి గొట్టంలా వంచి పట్టుకున్నాడు.
టార్చి వేసి, ఒక కన్ను మూసి చూశాను,
పక్కింటి కిటికీలోకి చూసినట్టు.
సిగ్గేసింది. మానలేదు.

ప్రియుడు అప్పటికే వెళ్ళిపోయాడు, దానికి ఒక్క వాక్యం ఇచ్చింది.
తర్వాత బొగ్గు ధర.
తడిపిన బొగ్గు ఎక్కువ తూగుతుందని కనిపెట్టిన రోజు.
ముప్పై నాలుగేళ్ళకు, మొదటిసారి, తన బూట్ల లేసు తనే కట్టుకున్న పొద్దు.
గుడ్డు ఎంతసేపు ఉడకాలని అడిగితే
ఇంటావిడ నవ్వలేదు. అది రాసి పెట్టుకుంది.

తర్వాత చేతి తొడుగులు.
కూతురి పుట్టినరోజుకి ఏటా ఒక జత కుట్టించి పంపేది.
చెయ్యి ఎంత పెరిగి ఉంటుందో తెలియక
వీధిలో ఆ ఈడు పిల్లల్ని ఆపి
తన అరచేతిలో వాళ్ళ అరచెయ్యి పెట్టి కొలుచుకునేది.
ఒక తల్లి పోలీసును పిలిచింది.
పొట్లాలు లక్క చెదరకుండా తిరిగొచ్చేవి.
"ఏడో జతకి" అని మొదలైన వాక్యం
రెండు వైపులా మూసుకున్న మడతలోకి వెళ్ళిపోయింది.

అక్కడికి టార్చి వెలుగు పోదు.
తూల్లియో ఇంకొంచెం వంచాడు. కాగితం కిర్రుమంది.
వదిలెయ్ అన్నాను.

వెన్ను అతికించాను. పిండి జిగురు, పల్చటి జపాను కాగితం,
కొత్త తోలుకి పాత ఎరుపు రావడానికి మూడు పూతలు.
ఎత్తోరె వచ్చి నా పనితనం చూడలేదు,
ముందు పై మడతలు తడుముకున్నాడు, కోళ్ళు లెక్కపెట్టుకున్నట్టు.
వియన్నాలో ఎవరో కొంటారట, గాజు బీరువా కోసం.
స్వెటరు మర్చిపోయి వచ్చాడు.
శాలువా ఉంది నా దగ్గర. వార్తాపత్రిక ఇచ్చాను.

ఆ రాత్రి బస్సులో ఎదురుగా ఓ పిల్ల
కడ్డీ పట్టుకుని నిలబడింది, తొడుగులు లేవు, వేళ్ళు ఎర్రగా కందాయి.
ఎన్నేళ్ళుంటాయి, పదా, పదకొండా.
నా చెయ్యి కోటు జేబులోంచి బయటికొచ్చి,
వేరే పనేదో ఉన్నట్టు
టికెట్టు వెతికింది.