అరసున్న

మెట్టెలు రాలేదు. సబ్బు నురగ పూసి
తిప్పి తిప్పి లాగాం.
ముక్కుపుడక ఊడొచ్చింది.
జబ్బకున్న తాయెత్తు మాత్రం
తియ్యనివ్వలేదు దస్తగిరమ్మ.
లోపల రాగిరేకుందో ఇనప ముక్కుందో
కట్టిన ముజావరుకే తెలియాలి.
"అయస్కాంతమమ్మా, గుంజేసుకుంటది" అన్నాను.
మొగుడు కాశింపీరా పళ్ళతో దారం కొరికి
జేబులో వేసుకున్నాడు.
ఆ జేబు మీంచి ఇక చెయ్యి తియ్యలేదు.

తెల్లారకముందే మార్కాపురంలో బస్సెక్కారంట.
నెల్రోజుల తలనొప్పి, పొద్దు వాలితే సన్నజ్వరం.
ఒకరు పైత్యమన్నారు.
ఒకరు కళ్ళజోడు రాశారు.
మొన్న కూతుర్ని పట్టుకుని
"ఎవరి పిల్లవే నువ్వు?" అందంట.
అప్పుడు గాని ఒంగోలు దారి కనపళ్ళేదు.

పదిహేడేళ్ళు పలకలు నున్నగా అరగదీసిన మనిషి.
గోళ్ళ సందుల్లో ఇంకా ఆ బూడిద రంగు.
నేనూ ఆ రాయి మీద దిద్దుకున్నవాణ్ణే,
కొండపి బళ్ళో, ఉమ్మితో తడిపి మోచేత్తో తుడిచి.

చెవుల్లో దూది. గుప్పిట్లో రబ్బరు బుడ్డి.
"భయమేస్తే నొక్కు. తల కదిలించొద్దు."
సొరంగం ఆమెను నడుము దాకా తీసుకుంది.
టకటకటక, ఆగి, గీయ్‌మని కోత.
నలభై నిమిషాలు బుడ్డి నొక్కలేదు.
తర్వాతడిగితే
"మా రాళ్ళ మిషనే గదన్నా, కునుకు పట్టింది."

గాజుకి ఇవతల నేను.
గనిలో రాయిని రేకులు రేకులుగా చీలుస్తారే,
అట్లా అయిదు మిల్లీమీటర్లకో పొర,
నెత్తురు చుక్క రాలకుండా.
మొదట ఏం లేదు. మబ్బు. కొంచెం వాపు.
సిరలోకి మందెక్కించి మళ్ళీ తీశాను.
అప్పుడు పలికింది.
నల్లటి నలుపు మీద
ఎవరో పసివాడు బలపం విరిగేట్టు నొక్కి రాసిన
సున్న. దాని పక్కన ఇంకో చిన్న సున్న.
మెదడు అడుగునంతా సుద్దపొడి.

తీయడం వరకే నా పని. చదవడం కాదు.
కాశింపీరా తెర చూడలేదు, నా మొహం చదివాడు.
"గడ్డా అన్నా?"
"డాక్టరు గారు చెప్తారు."
పన్నెండేళ్ళుగా అప్పజెబుతున్న పాఠం.

మాల్యాద్రి సారు చాలాసేపు చూశాడు.
"తొందరపడొద్దు. పురుగు తిత్తీ సున్నే చుడుతుంది,
కేన్సరూ చుడుతుంది.
ఒక్కరి చేతిరాత కాదిది.
వెన్నులో నీళ్ళు తీయించండి."

నాలుగు రోజులకి తేలింది. టీబీ.
"ఇది ఒక్కనాడూ దగ్గలేదే సారూ!
దగ్గి దగ్గి పోయింది మా నాయన."
"దగ్గకుండా కూడా తలకెక్కుతుందయ్యా."
కాశింపీరా మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.
ఏడుస్తానే నవ్వాడు.
"ఇది మాకు తెలిసిన జబ్బేన్నా" అన్నాడు,
దూరపు చుట్టం దొరికినట్టు.

తొమ్మిదో నెల.
ఎడమ కాలు ఈడ్చుకుంటా వచ్చింది.
మెట్టెలు ఇంట్లోనే తీసి పెట్టొచ్చింది.
ఉచ్చ ఎర్రగా పోస్తే భయపడొద్దని
పక్క మంచం ఆవిడకి చెప్పిందంట, పెద్ద డాక్టరు మాదిరి.
మందులు ఇంకా కొన్ని నెలలున్నాయి.

అవే పొరలు. అదే కోత.
చిన్న సున్న లేదు.
పెద్దది తెగి, వంగి, సన్నగిల్లి
అరసున్నయింది.
మా తాత పుస్తకాల్లో ఉండేదది.
రాసేవాళ్ళంట, పలికేవాళ్ళు కాదంట.

"పోయిందా అన్నా?"
పోలేదు, నోరు మూసుకుంది, అనాలనిపించింది.
"డాక్టరు గారు చెప్తారు" అన్నాను.
ఈసారి మాత్రం మొహం దాచుకోలేదు.

వరండాలో పిల్ల బెంచీ కింద దూరి
చెప్పు వెతుక్కుంటోంది.
దస్తగిరమ్మ గోడ పట్టుకుని పిలిచింది.
ముందు చెల్లెలి పేరొచ్చింది.
ఆగింది.
అరచేత్తో గాలిలో ఏదో తుడిచి
మళ్ళీ పిలిచింది.
పిల్ల తలెత్తింది.