మోచేయి

రాత్రి పదిన్నరకు హన్మకొండలో కరెంటు పోయింది.
ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ ఎట్లనో బతికింది.
రేపు ఏడో తరగతికి కాకతీయుల పాఠం.
ఏడేళ్లుగా ఒకటే చార్టు,
మడతల దగ్గర చిరిగితే ప్లాస్టర్ అంటించిన వంశవృక్షం,
పిల్లలు ఆవలింతల్ని అరచేత దాచుకునే నలభై నిమిషాలు.
ఈసారి బొమ్మల కథ చేద్దామని కూర్చున్నాను.

ఆన్‌లైన్ బొమ్మల పెట్టెలో
సైనికుడు కావాలంటే
ఎర్రకుచ్చు శిరస్త్రాణంతో రోమువాడొచ్చాడు.
రాణి అంటే లేసు గౌనులో ఒక తెల్లపిల్ల.
బండి అంటే గుర్రాలు కట్టిన నాలుగు చక్రాల బగ్గీ.
ఎద్దు మాత్రం ఎద్దులాగే ఉంది,
కొమ్ములకు దండం పెట్టుకుని దాన్ని ముందు దించుకున్నాను.
గౌనుకు పసుపు రంగు పూసి చీర అని నమ్ముకున్నాను.
ప్రతి బొమ్మ అడుగునా ఒక నీటిగుర్తు:
ఉచిత ప్రయోగం, ఇంకా ఆరు రోజులు.
కోటగోడ మీద కూడా పడింది అది, శాసనం లెక్క.

మా బడి ఖిలా వరంగల్ మట్టికోట లోపలే.
కిటికీలోంచి రాతి తోరణం కొస కనబడుతుంది.
మా పిల్లలు ఎవరూ దానికేసి చూడరు,
ఆదివారాలు టికెట్ కౌంటర్ దగ్గర పల్లీలు అమ్మి అమ్మి.

ప్రొజెక్టర్ వెలుగులో రాణి మాట్లాడింది. ఎద్దు నడిచింది.
వెనక బెంచీ అంకూస్ నోరు తెరిచి మూయడం మరిచాడు.
ఇంక గెలిచాననుకునే సరికి
వల్లెపు తిరుమలేష్ లేచాడు.
"మేడం, గా రాళ్లు కొట్టినోడేడి?"

అక్కడికక్కడే వెతికాను, అరవై కళ్ల ముందు.
సుత్తె అని కొడితే వడ్రంగి సుత్తె,
దాని తర్వాత మెరుపులు చిమ్మే దేవుడి సుత్తె.
శిల్పి అంటే గడ్డం దువ్వుకున్న పెద్దమనిషి,
పాలరాతి బొమ్మ పక్కన, చేతికి మట్టి లేకుండా.
"ఈన కాదు" అన్నది క్లాసంతా.

మర్నాడు వాడు నాయిన ఫోన్ అడిగి తెచ్చాడు.
సిమెంటు సంచి మీద పడుకోబెట్టి తీసిన సుత్తె ఫోటో,
పక్కన ఉలి, దెబ్బలకు తల పుట్టగొడుగులా విచ్చుకుని.
రెండింటినీ కత్తిరించి పెట్టెలోకి ఎక్కించాం.
చేయి ఊపే ఒకాయనకు సూటు విప్పి,
నెత్తికి తువ్వాల చుట్టి, సుత్తె ఇచ్చాం.

శనివారం పేరెంట్స్ మీటింగుకు ఐలుమల్లు వచ్చాడు.
కనురెప్పల మీద రాతిపిండి అట్లనే ఉంది.
కుర్చీ వద్దన్నాడు.
తెర మీది మనిషిని చాలాసేపు చూశాడు.
"గట్ల పడితె ఏలు పోతది మేడం.
బలమంత ఏస్తె రాయి పలుగుతది.
మోచెయ్యి కాడ ఆపుకోవాలె."

ఆయన ఎడమ బొటనవేలికి గోరు లేదు.

మౌస్‌తో మోచేయి తిప్పబోయాను.
ఆ బొమ్మకు నాలుగే భంగిమలు:
ఊపుడు, చప్పట్లు, నడుం మీద చేయి, జయం.
ఐదోది కావాలంటే నెలనెలా డాలర్లట.
"తియ్యుండ్రి, నేనే సూపిస్త" అని
ఐలుమల్లు తెరకు అడ్డంగా నిలబడ్డాడు.
తోరణం, ఎద్దు, ఉచిత ప్రయోగం అన్న అక్షరాలు
ఆయన చొక్కా మీద ముడతలు పడ్డాయి.
లేని ఉలి మీద లేని దెబ్బ వేశాడు.
ముప్పైమంది పిల్లలు
మోచేతుల్ని గాలిలో ఆపి పట్టుకున్నారు.
నేనూ ఎత్తాను. భుజం నొప్పి పుట్టింది.

సిలబసు రెండు పీరియడ్లు వెనకబడింది.
రిజిస్టర్‌లో "బోధించిన అంశం" గడిలో
మోచేయి అని రాశాను.
హెడ్మాస్టర్ చదవకుండానే సంతకం పెట్టారు.

ఆరు రోజులూ అయిపోయాయి, ఇప్పుడా కథ తెరుచుకోదు.
పొద్దున బడికొస్తూ తోరణం కింద స్కూటీ ఆపాను.
ఒక హంస మెడ వంపులో వేలు పెట్టి
దెబ్బ ఎక్కడ ఆగిందో తడుముతున్నాను.
ఫస్ట్ బెల్లు కొడుతున్నారు.
ఇంకో హంస ఉంది, దాన్ని కూడా చూసి పోతాను.