పర్మిటు చీటీ

గులాబి రంగు చీటీ, ఐదు రూపాయలు.
పేరు, ఊరు, వయసు,
ఈ ఒక్క దినానికి తాగొచ్చునని మరాఠీల ఒక ముద్ర.
ధర్మాబాద్ స్టేషన్ రోడ్డు మీద
పదకొండేండ్ల సంది రాసేది నేనే.
బాసర దిక్కు నుంచి వచ్చెటోళ్లను తెలుగుల అడుగుత,
మరాఠీల నింపుత.
మీసం రానోనికి ఇరవై ఆరని రాసిన దినాలున్నయి,
ఆ పాపం వేరే వహిల ఉంటది.

ఆ రాత్రి చీటీ: హన్మాండ్లు, ముప్పై నాలుగు, బిద్రెల్లి.
మిర్చి అమ్మిండు. జేబుల రొక్కం,
ఒంటి నిండ ఘాటు,
తుమ్ముతుండు, నవ్వుతుండు,
పక్క టేబులోనికి సుత తాపిస్తుండు.
మూడో క్వార్టరు సగముండంగ
బండి తాళంచెవి కింద పడ్డది.
వాడు వంగలేకపోయిండు.
నేను వంగిన.

నా రాత్రులన్ని ఈడనే ఆగుతయి:
తడి గచ్చు, తాళంచెవి,
దానికి కట్టిన మైసమ్మ ఎర్రదారం.

వయసు చూసినవా? చూసిన.
చీటీ రాసినవా? రాసిన.
టైము దాటినంక పోసినవా? లేదు సాబ్.
సేఠు నా భుజం మీద చెయ్యేసి ఠాణా మెట్లు దించిండు.
"కాయిదం సాఫుగున్నది మారుతీ, నీకేం గాదు."

కాయిదం సాఫుగనే ఉన్నది.
రైల్వే గేటు కాడ,
దినమంత తొడిమెలు తీసి, మండే చేతులు కొంగుల చుట్టుకొని
ఇంటికి నడుస్తున్న శకుంతలాబాయిని మాత్రం
ఏ చీటీ మీద ఎవడు రాయలే.

వకీలు అన్నడు,
వేరే దేశాలల్ల పోసినోన్ని సుత బోనెక్కిస్తరట.
"ఈడ నువ్వు సాక్షివి, గంతే."
సాక్షి.
ఆ మాట జేబులేసుకొని ఇంటికొచ్చి
అన్నం ముందట చానసేపు కూసున్న.
బోనైతే ఇన్నేండ్లని ఒక లెక్కుండేది.

ఇప్పుడు వయసు రాసినంక ఇంకొకటి అడుగుత.
ఇల్లెంత దూరం? ఎట్ల పోతవు?
చీటీల దానికి గడి లేదు.
నవ్వుతరు. సేఠు కసురుతడు, గిరాకి పోతదని.
గల్లా కింద బిస్కిట్ల డబ్బ పెట్టిన.
నిన్న రాత్రి దాంట్ల నాలుగు తాళంచెవులు.

పొద్దుగాల ఒకడొచ్చి
నా అవ్వను, అయ్యను, నా బారును తిట్టి
గుంజుకపోయిండు.

తిట్టనీ.
నడుసుకుంట వచ్చిండు గద.