తనిఖీ: ఏడు

బహ్రెయిన్‌ల, ఈసా టౌను పాత సామాన్ల బజార్ల
శనివారం పొద్దుగాల దిగింది ఆ కుర్చీ.
పికప్పు ఎనుక, పరుపులకూ ఖరాబు ఏసీలకూ నడుమ
కాళ్లు పైకి వెట్టుకొని.

దించి నిలవెడితే
అప్పుడే లేచిన లేగదూడ తీరు
నాలుగు కాళ్లు ఎడంగ వెట్టి నిలవడ్డది.
కిందికి వోంగ వోంగ సన్నబడ్డ కాళ్లు,
కొసలకు ఇత్తడి తొడుగులు.
చేతులు వాల్‌నట్ కర్ర,
మా తాత బాడిసె ఎన్నడూ రుచి చూడనిది.
గోటితోని గీకి ముక్కుకాడ వెట్టుకున్న.
అరవై ఏండ్ల కింద కూలిన చెట్టు
ఇంకా కొంచెం వాసన దాపెట్టుకున్నది.

తెచ్చినామె పేరు బద్రియా.
వాళ్ల నాయిన ఆయిల్ కంపెనీ బస్సు నడిపేటోడట,
అవాలీల అమెరికా దొరల పిల్లల్ని బడికాడ దించెటోడట.
ఒక దొరసాని దేశం వొయ్యేటప్పుడు
ఇల్లంత వాకిట్ల వెట్టి
నీకేం గావాల్నో తీస్కో అన్నదట.
ఆయన రేడియో తీస్కోలే, ఫ్రిజ్జు తీస్కోలే.
బస్సు మీద కుర్చీ కట్టుకొని ముహర్రక్ దాక వోయిండు.

"ఇంట్ల మేమందరం కిందనే కూసునేటోళ్లం" అని నవ్వింది,
"మీద కుర్చీ ఒక్కతే కూసునేది."

ఇగ చెప్పుడు ఆపలే.
భుజాలు గుండ్రంగున్న పచ్చ ఫ్రిజ్జు,
సూర్యుని కిరణాలు మొలిచిన గోడ గడియారం,
మామిడి టెంక తీరు టీపాయి,
కిందవడితే పలగకుండ ఎగిరే పల్లాలు.
లోపటికి ఎన్నడన్న వోయినవా అమ్మా అని అడిగిన.
లేదు, అన్నది. బస్సు కిటికీలకెళ్లి చూసిన.

నాకు ఎర్కే ఆ కిటికీ.
మెట్‌పల్లిల మా ఉస్తాదు దుకాణం గోడకు
యాడికెళ్లో వచ్చిన ఒక చినిగిన కాగితం ఉండె,
దాని మీద గిసొంటి కుర్చీ బొమ్మనే.
రోజూ దానికి ఊదుబత్తి గూడ తిప్పేటోడు.
ఒకనాడు టేకు తెచ్చి, కొలతల్లేకుంట చేసిండు.
బొమ్మల మూడు కాళ్లే కనవడుతున్నయి,
నాలుగోది ఊహించిండు.
సర్పంచు కూసున్ననాడు
ఆ ఊహించిన కాలే ఇరిగింది.

అద్లియాల కాఫీ హోటలోళ్లు
ఇప్పుడు ఇసొంటియే ఎతుకుతుండ్రు.
దొరకకుంటే కొత్తయి చేయించి పాతగ రుద్దిపిస్తుండ్రు.
నేను గూడ రుద్దిన, ఎందుకు అబద్ధం,
చాయ్ నీళ్లు, ఇసుక కాగితం,
నిన్న పుట్టిన కుర్చీకి ఒక్క పగటీలి అరవై ఏండ్లు పోసిన.
రెండు వందల దినార్లు ఇప్పిస్తనంటడు మా అబూ యాకూబ్.
బద్రియా వినవడనట్టు చెయ్యి నిమురుతున్నది,
ఎడమ చేతి మీద సిగరెట్టు కాలిన మచ్చ.
దొరసానిదో, నాయినదో తెల్వదట.
గది మాత్రం ముట్టకు అన్నది.

మచ్చ ముట్టలే.
వదులైన కీళ్లు ఇప్పి పాత సరేసు గీకి,
కొత్తది రాసి, తాడు మెలేసి బిగిచ్చిన.
బోర్ల వేస్తే సీటు కింద
చిన్న కాగితం ముక్క, బెల్లం రంగుకు తిరిగింది:
ఇంగ్లీషుల, తనిఖీ చేసింది ఏడు.

పేరు లేదు. ఏడు.
ఆడమనిషో మొగమనిషో,
ఏ పాళీల దిగి, ఏం తిని వచ్చిందో,
ఎవ్వలూ వంగి చూడని అంచు కింద
బొటనవేలు నడిపి చూసింది.
నేను గూడ నడిపిన.
ఇప్పటికి గూడ ఒక్క ముల్లు గుచ్చుకోలే.

నా కార్డు మీద తొమ్మిది అంకెలున్నయి.
ఇరవై రెండేండ్లాయె, నాకే నోటికి రావు.

సరేసు ఆరేదాక కూసున్న.
ఆరినంక, చెవి సందుల పెన్సిలు తీసి
ఏడు పక్కన
౮
అని రాసిన.

తీసుకవోను వచ్చిన బద్రియా వంగి చూసింది.
"ఇదేంది, మీ దేవుని పేరా?"
కాదమ్మా, లెక్క, అన్న.
కుర్చీ ఎత్తి కారు ఎనుక సీట్ల వెట్టిన,
ఈసారి కాళ్లు కిందికి.