నల్లజీడి

మా నాయనమ్మ దాలమ్మకు అక్షరం రాదు.
గుణుపురంలో సగం ఊరిని మాత్రం
మెడపట్టీ తిరగేసి చదివేది.

నల్లజీడి గింజను సూదితో పొడిచి
ఆ చమురుతో చొక్కా లోపల, ధోవతి కొసన
పరాయి కంటికి ఆననంత చిన్న గుర్తు.
మూడు చుక్కలూ ఒక అడ్డగీతా: ఒడియా బడి పంతులు గౌరచంద్రం గారిది.
కొడవలి వంపు: ధాన్యం కొట్టు గుమాస్తాది.
కాకి కాలు: తెలగాల వీధి చివరింటిది.
చవుడుకు పోదు, ఉబ్బకు పోదు,
బట్ట చీలికలైనా గుర్తు మిగులుతుంది.

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతలన్నారు.
మా ఇంటికి అది గాడిద కోసం వచ్చింది.
కొండదారికి రాళ్లు మొయ్యాలని
తాడుతో సహా తోలుకుపోయి చీటీ ఇచ్చారు.
చీటీ ఇంకా ఉంది.
ఆనాటి నుంచి మూటలు తాత కూర్మయ్య వీపు మీద.
కిరసనాయిలు లేక పొద్దుగూకితే పడకే,
సంతలో చోళ్లు గిద్దతో కొలిచేవారట.

వంశధార ఒడ్డున పోలీసు క్యాంపు పడ్డాక
ఖాకీ మూటలు మా రేవుకే దిగాయి.
గంజి పెట్టమని దోసెడు బియ్యం పంపేవారు.
ఆ గంజి మా నాన్న తాగాడు, అత్త తాగింది,
కుండ కడిగిన నీళ్లలో చొక్కాలు ముంచి తీసేది.
కవాతులో కాలర్లు వాలిపోతున్నాయని
హవల్దారు తిడితే
"మబ్బు రోజులు బాబూ, గంజి పట్టదు" అందిట.
ఆ శ్రావణమంతా ఎండే కాసిందని
నాన్న చెప్పి నవ్వేవాడు.

సంత రోజున ఊరేగింపు కచేరీ దాకా పోయింది.
ఎన్ని గుళ్లు పేలాయో తలో లెక్క చెప్పారు.
ఆమె రేవులో వంగి ఉంది.
అవతలి బండ మీద ఎవరో బట్టలు బాదుతున్నారనుకున్నానని
ఒకే ఒక్కసారి,
చాన్నాళ్లకు, చెప్పింది.

శవాలను రాత్రికి రాత్రే ఏటి ఇసకలో కప్పేశారు.
చొక్కాలు విప్పి ఉంచుకున్నారు. ఏడు.
పేరు దొరికితే ఇల్లు జప్తు,
వీధి మొత్తానికీ జరిమానా.
ఇనస్పెక్టరు కుర్చీ వేసుక్కూచుని
ఒక్కోటీ ఆమె ముందుకు విసిరాడు.
"చదువు."

మూడు చుక్కలూ అడ్డగీతా.
"నానెరగను బాబూ."
కొడవలి వంపు.
"ఇది మా గుర్తు కాదు. పర్లాకిమిడోళ్లదేటో."
కాకి కాలు. ఆ కుర్రాడి పెళ్లిబట్టలు ఉతికిన కూలి
ఇంకా రావాలి.
"నానెరగను."

ఏడోదానికి గుర్తే లేదు.
పనికిరాదని కాలితో పక్కకు తోశాడు.

చాకలోళ్లం సొంత బట్టకు గుర్తు పెట్టుకోం.
అందరివీ పంచేశాక
మూటలో మిగిలిందే మాది.

తాత ఊరేగింపులో నడిచాడో
కచేరీ వీధిలో ఉతికిన బట్టలివ్వడానికే వెళ్లాడో
మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.
పింఛను కావాలంటే తేలాలన్నారు రాయగడ ఆఫీసులో.

"నెత్తురు బాబూ, ఉతికి తెస్తాను" అని
ఏడూ ఎత్తుకొచ్చింది.
తెల్లారి, ఏరు లాక్కుపోయిందని చెప్పింది.
ఏట్లో మోకాలి లోతు నీళ్లు.
వేళ్ల మీద లాఠీతో కొట్టారు,
చిటికెన వేలు చివరిదాకా వంకరే.

ఆ వేళ్లతోనే మర్నాడు మడతలు పెట్టింది.
ఆరిళ్లకూ రోజూలాగే బట్టలు తీసుకెళ్లింది.
పై మడతలో గోరంత గుడ్డముక్క,
మీద నల్లజీడి గుర్తు.
గుమ్మంలో పెట్టి, గట్టిగా ఏమీ అనకుండా
వెనక్కి తిరిగేది.
వీధి మలుపు దాటేలోపు
లోపలి నుంచి ఏడుపు వినబడేది,
ఒక ఇంట్లో తప్ప. పంతులు గారి భార్య
గొళ్లెం పెట్టుకుని నోట్లో కొంగు కుక్కుకుందట,
పక్కింట్లో జవాను కాపురముండేవాడు.

ఏడో చొక్కాను మా నాన్న పెద్దయ్యాక తొడుక్కున్నాడు.
ఎడమ పక్క, జేబు కింద, అతుకు.
నేను చూసేనాటికి అది నూలు పలచబడి
వెలుగు కనిపించేది.

బండకేసి ఎన్ని బట్టలు బాదినా
ఆ ఒక్కదాన్ని మాత్రం ఆమె బాదేది కాదు.
నీళ్లలో ముంచి,
అతుకు దగ్గర వంకరవేలు ఆనించి
మెల్లగా చేత్తో పిండేది.