కానొ

ఆరు గంటల ప్యాసింజరు ఇంకా కూత వేయలేదు.
పోలయ్య సోడా కొట్టు షట్టరు సగమే లేచింది.
వంగి లోపలికి వెళతాను.
ఫ్రిజ్జులో గోలీ సోడాల వెనక రెండు సీసాలు,
ఒకటి అతనిది, ఒకటి జంతికది.
తెల్ల ప్లాస్టరు మీద నేనే పేరు రాసి అంటించాను,
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి,
ఒకరి మందు ఇంకొకరికి ఎక్కకుండా.

"ఏటమ్మా, నీ పిల్లికీ నాకూ ఒకటే జబ్బు.
దానికి నువ్వున్నావు," అంటాడు.
నవ్వాడో లేదో షట్టరు చాటున కనపడదు.

గుణుపురంలో జాకెట్లు కుట్టేదాన్ని.
సూది నాకు కొత్త కాదు,
గుడ్డకి నొప్పి ఉండదు, అంతే.
మొదటి రోజు సిరంజి ఎర్ర మూత తీసి
రెండు గీతల దాకా మందు లాగి
మెడ వెనక చర్మాన్ని కుచ్చెళ్ళలా పట్టుకుని
అరగంట అలాగే కూర్చున్నాను.
జంతిక తిండి ముగించి, మూతి నాక్కుని,
నా వంక చూసి విసుక్కుంది.

సూది సరే. చెవి సంగతే అంతుపట్టలేదు.

చలికాలంలో ఒకసారి, మామిడి పూతప్పుడు ఒకసారి,
రథయాత్ర వానల్లో మళ్ళీ.
తల ఒక పక్కకి వాల్చి
వెనక కాలితో ఎడమ చెవిని చీరేసుకునేది.
రెక్క ఎత్తితే బెల్లం మడ్డి లాంటి గుబిలి,
మూడోనాటి ఇడ్లీ పిండి వాసన.
ప్రతిసారీ అవే చుక్కలు కొన్నాను.
వారంలో చెవి ఎండేది.
అదే వారంలో మీటరు నాలుగు వందలు దాటేది.
నీళ్ళ గిన్నె ఖాళీ, ఇసుక తొట్టి చెరువు.
ఒక చివర లాగి కుడితే
ఇంకో చివర ముడుచుకుపోయే జార్జెట్టు.

పశువుల ఆస్పత్రిలో మా ముందు
రెండు మేకలు, ఈనలేక ఆయాసపడే ఆవు,
సంచిలో కోళ్ళతో పుట్టాసింగి నుంచి వచ్చిన సవర తాత.
"బిలెయికి చీటీయా?" అన్నాడు కాంపౌండరు.
డాక్టరు సంజుక్త రైకా మాత్రం నవ్వలేదు.

"కానొ," అంది, చెవిని వేళ్ళ మధ్య తిప్పి.
ఆమె అన్నది చెవి.
నాకు వినబడింది అడవి.
ఇద్దరిదీ తప్పు కాదు,
ఎండ తగలని వంపు, తడి, వెచ్చన,
లోపల ఏవో మొలుస్తున్నాయి.

పుల్లకి దూది చుట్టి, చెవిలో తిప్పి,
గాజు పలక మీద దొర్లించి,
రంగు పోసి కడిగి, చూడమంది.
ఒక కన్ను మూసి చూశాను.
ఊదారంగు బుల్లి పాదాలు.
మార్గశిర గురువారం గడప దగ్గర
బియ్యప్పిండితో వేస్తామే, లక్ష్మి లోపలికొచ్చే అడుగులు,
అచ్చం అవే.
తీపి ఉన్న ఇంటికి పిలవకుండానే వచ్చాయి.

"ఇన్నాళ్ళూ నువ్వు వేసిన చుక్కల్లో దురద ఆపే మందొకటుంది.
అది చక్కెరని లేపుతుంది.
లేచిన చక్కెర మళ్ళీ వీటికి మేత,"
అంటూ చీటీ వెనక గుండ్రంగా గీసింది.
జాకెట్టు చంకలు ఎన్ని కత్తిరించానో నేను.
ఈ గుండ్రాన్ని ఎక్కడ తెరవాలో చూపించమన్నాను.

ఆ మందు లేని చుక్కలు రాసింది.
బరంపురం బస్సు డ్రైవరు చేత తెప్పించాలి.
ముందు కడగాలి, ఆరనివ్వాలి, తర్వాతే చుక్క.
వాసన పోయినా ఆపకూడదు,
గాజు పలక మళ్ళీ చూసేదాకా.
ఇంకా, మీటరు కోసం ఎడమ చెవిని పొడవొద్దు,
కుడిదాన్నే, అంచున, వెంట్రుక వాసి.

ఇదొక్కటీ నాకు ముందే తట్టాల్సింది.
పుండు పడ్డ చెవినే రోజూ అడుగుతున్నాను
ఎలా ఉన్నావని, సూదితో.

"కోడి ఖరీదు పెట్టి పిల్లికి వైద్యమేటి?"
కొలతలిస్తూ అంది శాంతిలత.
ఆవిడ మెడ లోతు రాసుకున్నాను.

ఇవాళ నూట తొంభై నాలుగు.
నిన్న రెండొందల ముప్పై.
మొన్నటిది రాయలేదు, కరెంటు పోయింది, నేను నిద్రపోయాను.

సాయంత్రం మెషిను ఆపితే
జంతిక కుడి చెవి నా వైపు తిరిగింది,
ఎడమది వీధి వైపు.
రెండూ వేటికవి తిరిగి చాన్నాళ్ళయింది.

రెక్క ఎత్తి ముక్కు పెట్టాను.
మెషిను నూనె, బొచ్చు, కాస్త చేప.
మళ్ళీ పెట్టాను.
పిండి వాసన ఉందా, నాకే గుర్తుండిపోయిందా?
కాలితో నా ముక్కుని పక్కకి తోసింది.