మూడోసారికి అవుతుంది

కాస్ట్రో ఊళ్లో వాన ఆగితే
జనం తలెత్తి చూస్తారు, ఏదో పాడైందనుకుని.

ఎలెయుతేరియో ఇంట్లో మెట్ల కింద
కట్టెల పొయ్యి వెచ్చదనం తగిలేచోట
పదకొండేళ్లుగా ఆపని కంప్యూటర్ ఒకటుంది.
ఆటుపోట్ల లెక్క కట్టే మా ప్రోగ్రాము
లోకం మొత్తం మీద ఆ పెట్టెలోనే సరిగ్గా బిల్డ్ అవుతుంది.
కోడ్ అందరిదీ.
ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, పంచిపెట్టొచ్చు.
వండాలంటే మాత్రం
ఆ పొయ్యి, ఆ గిన్నె, ఆ చెయ్యే కావాలి.

తెర అంచున అంటించిన చీటీలో పెన్సిల్ రాత:
"మొదటిసారి పోతుంది. కంగారు పడొద్దు.
రెండోసారీ పోవచ్చు.
మూడోసారికి అవుతుంది."

మేమూ దాన్ని వాతావరణంలా ఒప్పుకున్నాం.
నీరు ఏడు మీటర్లు లేచి దిగే ఈ దీవిలో
ఆల్చిప్పలు పెంచేవాళ్లు, తెల్లారగట్ల పడవ తోసేవాళ్లు
అందరూ ఆ మూడోసారిని నమ్ముకునే బతికారు.

జూన్‌లో ఆయన కంటికి ఆపరేషన్.
ఆ వారమే డనీడిన్ నుంచి మెరెయానా రాసింది:
"నా దగ్గర ఎలాగో బిల్డ్ అయింది. కానీ దాని ప్రకారం
రేపు మధ్యాహ్నం మీ ఊరి సముద్రం
చర్చి గోపురం దాటుతుంది. మీరు క్షేమమేనా?"

కాఫీ కలుపుకుని ఆ మెట్ల కింద కూర్చున్నాను.
తొమ్మిది రాత్రులు.

ఒక ఫైలు ఆయన సొంత ఫోల్డర్లో దొరికింది,
ఫోల్డర్ పేరు "తర్వాత సర్దాలి".
మా దేశంలో దశాంశానికి కామా పెడతాం.
మెరెయానా యంత్రం చుక్క పెట్టింది.
ఆ చుక్కను మా ప్రోగ్రాము చెత్తలా ఊడ్చేసి
ఒకటి పాయింట్ తొమ్మిది నాలుగును
నూట తొంభై నాలుగు మీటర్లు చేసింది.
చుక్క జారితే సముద్రం ఊరి మీద పడింది.

ఇక ఆ మూడుసార్ల మర్మం:
ఒకడు పట్టిక రాస్తూండగానే
ఇంకొకడు చదవడం మొదలెడతాడు.
ఎసరు కాగకముందే విస్తళ్లు వేసినట్టు.
ఓడిన ప్రతిసారీ సగం పట్టిక మిగిల్చి పోతుంది,
తర్వాతి ప్రయత్నం ఆ ఎంగిలి మీద నిలబడుతుంది.
పదకొండేళ్లు మేం అదృష్టమనుకున్నది
ఊడ్వని గది.

కంటికి కట్టుతో పడుకుని ఎలెయుతేరియో అన్నాడు:
"నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంటిని
పన్నెండు జతల ఎడ్లు తీరం దాకా లాగాయి,
పోటు మీద తేలి అవతలి ఒడ్డుకెళ్లింది.
ఎడ్లనే అందరూ గుర్తుపెట్టుకున్నారు.
మా నాన్న ముందురోజంతా బోర్లా పాకుతూ
ఇల్లు నేలని ఎక్కడెక్కడ పట్టుకునుందో వెతికాడు.
ఒక్క మేకు మరిచినా గోడ అక్కడే ఉండిపోతుందట."

నేను చేర్చింది చివరికి ఒక్క వరస:
ఇది అయ్యాకే అది.
తీసేసినవి రెండువందల పైచిలుకు.

తర్వాత, ఎవరి పేరూ తెలియని ఖాళీ యంత్రం మీద
నేనిక్కడ, మెరెయానా అక్కడ
ఒకేసారి బిల్డ్ చేశాం.
రెండూ బైటు బైటుకీ సరిపోయాయి.
మా ఇద్దరికీ ఏం రాసుకోవాలో తోచలేదు.
తను ఒక చేప బొమ్మ పంపింది.

కట్టు విప్పిన మర్నాడు ఆయన వచ్చి నొక్కాడు.
అయింది.
"ఏదీ పోలేదా?" అని నొసలు ముడిచాడు.
మళ్లీ నొక్కాడు. అయింది.
నా వంక చూడకుండా
మూడోసారి కూడా నొక్కాడు.

అచ్చు పట్టికల భాగం ఇంకా కుంటుతూనే ఉంది,
దాని సంగతి ఎండలు వచ్చాక చూడాలి.
చీటీని ఆయన పీకలేదు, నేనూ ముట్టుకోలేదు.

ఆ రాత్రి పాత పెట్టెను ఆపేశాడు.
వంటగదిలోంచి సునిల్దా చేతులు తుడుచుకుంటూ వచ్చి
"ఏమిటా చప్పుడు?" అంది.

ఇద్దరం చెవులు రిక్కించాం.
వాన.